మూడోసారి అనే ముందు

సోమవారం

నా గొంతు కోశారు. కోసినవాడికి నా మీద పగేం లేదు. ముఖానికి గుడ్డ కట్టుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని మరీ కోశాడు. మాట పుట్టే చోట బఠాణీ గింజంత కాయ లేచిందట. తీసి సీసాలో వేసి చూపించాడు. ఇన్నాళ్ళూ బజారుని వణికించింది నేనా, ఈ గింజా అని అనుమానం వచ్చింది.

ఇక మాట్లాడకూడదు. గుసగుస కూడా కూడదట, అది అరుపుకంటే చెడ్డదట. గొంతు సవరించుకోకూడదు. దగ్గొస్తే నీళ్ళు తాగి మింగేయాలి. నవ్వొస్తే ఏం చెయ్యాలి అని పలక మీద రాసి అడిగాను. డాక్టరు చాలాసేపు ఆలోచించి, "ముక్కుతో నవ్వండి" అన్నాడు.

ఆ పలక మా ఆయన కొనిచ్చాడు. రాసింది చెరిపితే గానీ ఇంకో మాట రాయడానికి చోటుండదు. నేనన్న మాట చెరిగిపోవడం నా జన్మలో ఎరగను. అందుకని ఈ పుస్తకం మొదలుపెట్టాను. ఏడో తరగతితో వదిలేసిన చదువు. తప్పులుంటే ఉండనీ, దిద్దడానికి ఎవరొస్తారు.

మంగళవారం

ఈ పొద్దున కూరగాయల టోకు బజారులో నేను లేకుండా వేలం పాట జరిగింది. నా పెట్టె మీద మరిది నిలబడ్డాడు. ఆపిల్ పళ్ళొచ్చిన చెక్కపెట్టె అది, బోర్లించి ఎక్కుతాను. నా పాదాలు రాసుకుని రాసుకుని అద్దంలా తయారైంది. మరిది పాదాలు బాతు పాదాలు. పెట్టె ఏమనుకుందో పాపం.

బజారంతా నన్ను 'మైకు' అంటారు. ఇప్పుడు కమిటీవాళ్ళు మరిదికి నిజం మైకు కొనిచ్చారట. అసలు మైకు అటకెక్కితే ఇనప మైకు దిగిందన్నమాట.

వచ్చే నెల మొదటి తారీఖున తేలుస్తారట. నా గొంతు వస్తే పెట్టె నాది, రాకపోతే మరిదిది. రాకపోవడమేమిటి! కాయ తీశారు గానీ గొంతు పీకెయ్యలేదుగా.

నాకేం భయం లేదు.

గురువారం

మా ఆయనకి నేను పెట్టిన పేరు మౌనిస్వామి. దర్జీ పని. నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి కాబట్టి మాట్లాడడనుకునేదాన్ని. కాదు. నేను సందివ్వలేదు, అంతే. ఇప్పుడు చూడాలి ఆ మనిషిని! పొద్దున లేచింది మొదలు చొక్కా కాలర్ల గురించి, చిన్నప్పుడు పెంచిన కుక్క గురించి, పక్కవీధి టీచరమ్మ కొలతలు ప్రతి ఏడూ ఎలా మారాయో దాని గురించి. ఇన్ని మాటలు ఎక్కడ దాచుకున్నాడో! పలక మీద 'కాస్త ఆపు' అని రాసి చూపించాను. చదివి, "నీ దస్తూరీ భలే గుండ్రంగా ఉంటుందే" అని దాని గురించి మొదలుపెట్టాడు.

అత్తయ్యకి మాత్రం నేను మాట్లాడటం లేదన్న సంగతే తెలిసినట్టు లేదు. ఆవిడకి చెవుడు. చెవుడంటే నా ఒక్కదానికే చెవుడు. కొడుకులు గొణిగినా వినబడుతుంది. నేను గోడలు బీటలు వారేలా అరిచినా "ఆఁ? ఏమన్నావ్?" అంటుంది. కావలసినవే వినబడే చెవులు. బజారులో అందరి గొంతులూ అనుకరిస్తాను, ఆవిడ గొంతు చూపిస్తే మాత్రం కూలీలు బస్తాలు దించేసి మరీ నవ్వుతారు. ఖాళీ పీపాలో గులకరాళ్ళు దొర్లించినట్టుంటుంది ఆవిడ మాట. నేను పిచ్చుక గొంతుదాన్ని. అంత కిందికి దిగాలంటే గడ్డం మెడకి నొక్కిపెట్టాలి.

శనివారం

పని దొరికింది! మూగదానికి పని!

మేడ మీద గదిలో అద్దెకుండే పిల్ల ఉందిగా, చప్పుళ్ళ పిల్ల. మెడలో ఓ యంత్రం, చేతిలో పిల్లితోకలా బొచ్చున్న కర్ర. ఆ బొచ్చు లోపల మైకు ఉంటుందట. ఎక్కడెక్కడి శబ్దాలూ పట్టుకొస్తుంది. ఆపరేషన్‌కి ముందు వారం బజారుకొచ్చి నా పాటంతా పట్టుకుపోయింది. ఆమె మెట్లు దిగొచ్చి అంది:

"అక్కా, మీరిప్పుడు మాట్లాడకూడదు కదా?"

తల ఊపాను.

"అబ్బ, ఎంత మంచిదో!"

పలక తీసి నెత్తిన కొడదామనుకున్నాను.

"కోప్పడకండక్కా. నోరు మూసుకుని కూర్చోగల మనిషి కోసం ఊరంతా వెతుకుతున్నా. అందరూ రెండు నిమిషాలకే 'ఇంకెంతసేపు' అంటారు."

'పనేమిటి?' అని రాశాను.

"వినడం."

'జీతం?'

"సాయంత్రం టీ."

'చక్కెర ఎక్కువ' అని రాసి చెప్పులేసుకున్నాను.

నీళ్ళ పంపుల వెనక గుట్ట మీద పాత ట్యాంకుంది. కొత్తది కట్టాక దాన్ని ఎండబెట్టి వదిలేశారు. పక్కన మనిషి వంగి దూరేంత ఇనప తలుపు. లోపల గుండ్రంగా, బోడిగా, చల్లగా. పైన కన్నంలోంచి దిగిన వెలుతురు కింద దోసెడంత వృత్తంగా పడింది.

"ఇక్కడ ఒకటే నియమం" అంది చెవిలో. "ఒక చప్పుడు చేశాక, గోడలు దానికి బదులు చెప్పడం పూర్తయ్యేదాకా ఇంకోటి చెయ్యకూడదు."

నన్నెవరనుకుందో! ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగితే నా పని మునిగినట్టే. పాటలో సందిచ్చామా, సరుకు జారిపోయినట్టే. సందు లేకుండా దంచడమే నా విద్య.

తాళంచెవుల గుత్తి కింద పడేయమంది. పడేశాను.

ఓరి దేవుడా! అది పడలేదు, పడుతూనే ఉంది. గోడ చుట్టూ తిరిగింది, నా వీపు వెనక్కొచ్చింది, నెత్తి మీదికెక్కింది, దూరంగా ఎవరో గుళ్ళో గంటలు కొడుతున్నట్టు సాగింది. నేనైతే రెండు లాట్ల వంకాయలు అమ్మేసేదాన్ని ఆ కాసేపట్లో. అది పూర్తిగా చచ్చిపోయిందనుకున్నాక కూడా ఆ పిల్ల వేలు పైకెత్తే ఉంచింది. అప్పుడు విన్నాను, దాని చివరి తోక. దారప్పోగంత.

తరవాత ఊరికే కూర్చున్నాం. ఏమీ వినబడలేదు ముందు. ఆ తరవాత నా గుండె. ఆ తరవాత నా కడుపు. పొద్దున తిన్నది సరిపోలేదేమో, గుర్రుమంది. ట్యాంకు దాన్ని అందుకుని లోడు లారీ ఎత్తెక్కుతున్నట్టు చేసి చూపించింది. పిల్ల పక్కున నవ్వింది. నేను ముక్కుతో నవ్వాను. అది పది గుర్రాల సకిలింపై తిరిగొచ్చింది.

నాకు ఇంత సరదా ఈ మధ్య కాలంలో కలగలేదు. టీ కూడా తాగడం మర్చిపోయాను.

సోమవారం

చెవులకి ఏదో అయింది.

మా ఆయన కుట్టుమిషను తొక్కే తీరుబట్టి ఆయన మనసు చెప్పగలను. కోపంగా ఉంటే పరుగు, విసుగొస్తే మధ్యమధ్య ఆగుతుంది. నా గురించి దిగులుంటే చక్రం చేత్తో తిప్పుతాడు, మెల్లగా, ఒక్కో కుట్టూ. ఈ రోజు చాలాసేపు చేత్తోనే తిప్పాడు.

ఎదురింట్లో మరిది స్నానాలగదిలో పాట సాధన చేస్తున్నాడు. బకెట్‌ని వేలం వేస్తున్నాడు. "ఒకటోసారి! రెండోసారి!" ఆవేశం ఉంది, అందం లేదు.

బుధవారం

నా బుర్రకి దండ వెయ్యాలి.

నా పాత గొంతు ఒకసారి వినాలనుందని పలక మీద రాస్తే, చప్పుళ్ళ పిల్ల జాలిపడి యంత్రంలోంచి ఆ పాట తీసి, నిమ్మకాయంత స్పీకరుతో సహా చేతికిచ్చింది. పాపం, మంచిది. నా చేతికి ఏమివ్వకూడదో తెలియని మంచితనం.

పొద్దున్నే బజారుకెళ్ళి స్పీకరుని క్యాబేజీల గంప అడుగున పెట్టాను. బంగాళాదుంపల బస్తాల వెనక నక్కాను. మరిది పెట్టెక్కి మైకు పట్టుకుని టమాటాల పాట మొదలుపెట్టాడు. ఆ రేకుల షెడ్డులో మైకు మాట రేక్కి తగిలి, ఇంకో రేక్కి తగిలి, మాట మీద మాట పడి ముద్దయిపోతోంది. కొనేవాళ్ళు "ఎంతా? ఎంతన్నావ్?" అని కేకలు. అప్పుడు మీట నొక్కాను.

"రండి రండి రండి! నా ముందు కన్నార్పినా పాటే! ముక్కు గోక్కున్నవాడు సరుకెత్తుకోవాల్సిందే! ఒకటోసారీ...!"

షెడ్డు షెడ్డంతా బిగుసుకుపోయింది. నా గొంతు క్యాబేజీల్లోంచి వస్తోంది. క్యాబేజీ వ్యాపారి, మేం గుండు అంటాం, అలవాటుకొద్దీ వేలెత్తేశాడు. అది చూసి పక్కవాడు తల ఊపాడు. అది చూసి గుండు ఇంకో వేలు లేపాడు. ఏ సరుకు, ఎంత సరుకు, ఎవడిదీ అన్న ధ్యాసే లేదు. లేని సరుకు కోసం ముగ్గురు కొట్టుకుచస్తున్నారు! నేను బస్తాల వెనక ముక్కు పట్టుకుని గుర్రంలా ఊగిపోతున్నాను.

"రెండోసారీ..."

తరవాత యంత్రం మూగబోయింది. ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదు. అది నేనే. ఆ రోజు నేను ఆగిన సందు. చాలా పెద్దది. అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు, అప్పుడూ ఇప్పుడూ కూడా.

"అదిగో, వెనక ఎర్ర చొక్కా! మూడోసారి!"

ఆ ఎర్ర చొక్కావాడు ఇవాళ రానేలేదు, కాబట్టి గుండు గెలిచాడు. ఏం గెలిచాడో ఇంకా తెలుసుకుంటున్నాడు.

అదే రోజు, సాయంత్రం

యంత్రాన్ని మళ్ళీ విన్నాను. రెండోసారికీ మూడోసారికీ మధ్య. మళ్ళీ విన్నాను.

ఆ సందులో నిశ్శబ్దం లేదు. రేకుల కింద పిచ్చుకలున్నాయి. చేతిబండి చక్రం కిర్రుమంటోంది. ఎవడో కాలు మార్చి నిలబడ్డాడు, చెప్పు చప్పుడైంది. ఎవడో చిన్నగా ఊపిరి లోపలికి పీల్చాడు. వెంటనే నా గొంతు, "అదిగో, వెనక ఎర్ర చొక్కా!" అని. వాడు వేలెత్తలేదు. ఊపిరి పీల్చాడంతే. నేను విన్నాను!

సందివ్వకుండా దంచడమే నా విద్య అనుకున్నానా ఇన్నాళ్ళూ? నేను వినేదాన్నన్నమాట. అరిచిందంతా ఆ కాస్త వినడం కోసమన్నమాట. పిచ్చిదానా!

ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని నోరు తెరిచి, చేత్తో మూసుకున్నాను.

రాత్రి భోజనాలప్పుడు మరిది వచ్చాడు. తిట్టలేదు. కంచం ముందు కూర్చుని అన్నాడు:

"సరదా బాగానే ఉంది వదినా. నేనూ నవ్వాను. కానీ ఆ గొంతు ఇప్పుడు ఆ యంత్రంలో ఉంది. నీ దగ్గర లేదు."

మా ఆయన "ఒరేయ్" అన్నాడు.

"నిజం చెప్పొద్దా అన్నయ్యా? నాకూ ఆ పెట్టె నచ్చింది. దొంగతనం చేసి ఎక్కానా? ఎక్కమంటే ఎక్కాను. ఎక్కాక నచ్చింది. నన్ను దించాలంటే వదిన నోటితో దించమను, గంపలో క్యాబేజీలతో కాదు."

చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. అత్తయ్య అంతా విన్నట్టే తల పంకించింది. మరి వాడి మాటలు వినబడతాయిగా ఆవిడకి.

గురువారం

నాకేం కోపం లేదు.

శుక్రవారం

డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం దూర్చి లోపలికి చూశాడు. పుండు బాగా మానిందట. ఇక కొంచెంకొంచెంగా మాట్లాడొచ్చట. ఏదీ, ఒక మాట అనండి అన్నాడు. నేను పలక తీసి 'తరవాత' అని రాశాను.

"చూడమ్మా" అన్నాడు గొట్టం తుడుచుకుంటూ. "పాత గొంతే వస్తుందని మాటివ్వను. ఏదొస్తే దాంతో సర్దుకోవాలి. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండి. బజారులో మునుపటిలా అరిచారో, మళ్ళీ ఇదే కుర్చీలో కూర్చుంటారు."

అరవకుండా పాట పాడేదెలాగో ఆయన చదివిన పుస్తకాల్లో లేనట్టుంది.

శనివారం

మాట్లాడలేదు. ఆకాశం మబ్బుగా ఉంది. మొదటి రోజే తేమగాలి గొంతుకి మంచిది కాదు.

ఆదివారం

ఎండ ఎక్కువ. మాట్లాడలేదు.

సోమవారం

మంచి వాతావరణం. మాట్లాడలేదు.

మంగళవారం

మౌనిస్వామి నోట్లో నువ్వుగింజ నానదు కదా ఇప్పుడు. డాక్టరు ఒప్పుకున్న సంగతి చప్పుళ్ళ పిల్ల చెవిన వేశాడు. ఆమె దిగొచ్చి నా ఎదురుగా కూర్చుంది. బోధ చేస్తుందనుకుని పలక అడ్డం పెట్టుకున్నాను.

"నాకు బజారు చూపించండక్కా. ఖాళీగా ఉన్నప్పుడు."

మధ్యాహ్నం వెళ్ళాం. షెడ్డు నడుమ నిలబడి ఆమె చప్పట్లు కొట్టింది. రేకులు గలగలమని పళ్ళు నూరాయి. నాలుగడుగులు జరిగి మళ్ళీ కొట్టింది. పిల్లలాటలా ఉంది. నేనూ మొదలెట్టాను. కాటా దగ్గర, గేటు దగ్గర, నా పెట్టె దగ్గర. ఇన్నేళ్ళు నిలబడ్డ చోటు, చప్పట్లు కొడితే ఇంత రొద చేస్తుందని తెలియదు! ఈ రొదని దాటడానికే నేను అరిచేదాన్ని. అరుస్తుంటే అది పెరిగేది. అది పెరుగుతుంటే నేను అరిచేదాన్ని. అత్తాకోడళ్ళ పోట్లాటే.

బంగాళాదుంపల బస్తాలు గోడలా పేర్చిన మూలకి వెళ్ళి కొట్టాను. చప్పట్లు పొడిగా వినబడ్డాయి, అంతే. రేకులు నోరెత్తలేదు. బస్తాలు రొదని మింగేశాయి. రెండు వైపులా బస్తాలుంటే? వెనక కూడా ఉంటే? నేను షెడ్డంతా పరుగులు తీశాను. కాపలావాడు తలుపులోంచి తొంగి చూసి, మైకమ్మకి మాట పోయాక మతి కూడా పోయిందనుకుని ఉంటాడు.

"గొంతంటే మెడలో ఉండేది మాత్రమే కాదక్కా" అంది పిల్ల. "అది తగిలే గోడలు కూడా."

ఇలాంటి మాటలనడానికి పెద్ద కాలేజీలో చదవాలట. నవ్వొచ్చింది ముందు. తరవాత బస్తాలకేసి చూసి నవ్వాపుకున్నాను.

వచ్చే ఆదివారం ట్యాంకులో అందరితో ఓ కార్యక్రమం పెట్టుకుందట. నన్ను రమ్మంది. వినడానికా, పలకడానికా అని నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆదివారం

రాయాలి. ఇప్పుడే రాయాలి.

బజారు సగం వచ్చింది. ట్యాంకులో మైకు ఏదో చేస్తుందట అని గుండు ప్రచారం. కూలీలు, కాటావాడు, మరిది. మా ఆయన అత్తయ్యని చెయ్యి పట్టి తీసుకొచ్చి గోడవారన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడకేం వినబడుతుందని అనుకున్నాను. ఆవిడ మాత్రం వచ్చీ రాగానే అరచెయ్యి గోడకి ఆనించి కూర్చుంది.

చప్పుళ్ళ పిల్ల నియమం చెప్పింది. ఒక్కొక్కరు ఒక్క చప్పుడు, అది పోయేదాకా అందరూ కదలకుండా వినాలి. మొదట ఊరికే వినడం. ఆమె గుబులుగా నాతో, "వీళ్ళు కూర్చోగలరంటారా?" అంది.

కూర్చోవడమా! రాళ్ళయిపోయారు! కాలేజీలో కూడా ఇంత కదలకుండా కూర్చున్నవాళ్ళని చూడలేదంటుంది పిల్ల, అదేదో మహత్యం అనుకుంది. నాకు తెలుసు అసలు సంగతి. నేను వాళ్ళకి ఎదురుగా నిలబడ్డాను. నా ఎదుట తల కదిపితే ఏమవుతుందో వాళ్ళ ఒంటికి తెలుసు. గుండుకి ముక్కు దురద పుట్టింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ చెయ్యి లేవలేదు. ఎక్కడ ట్యాంకు కొనాల్సొస్తుందోనని.

అలా కూర్చోగా కూర్చోగా, భయంతో బిగుసుకున్నవాళ్ళు మెల్లగా వినడంలోకి జారారు. ముఖాలు మారాయి. కాటావాడు కళ్ళు మూసుకున్నాడు.

తరవాత చప్పుళ్ళు. ఓ కూలీ బస్తా ఎత్తేటప్పుడు చేసే 'హుఁ'. గుట్టలు కదిలినట్టు తిరిగింది. మా ఆయన జేబులోంచి కత్తెర తీసి ఒక్కసారి కత్తిరించాడు, గాలినే. ఎంత సన్నగా, ఎంత పొడుగ్గా తెగిందో! గుండు ఎట్టకేలకు తుమ్మాడు, అదే తన చప్పుడని చెప్పుకున్నాడు. మరిది ఈల వేశాడు. నేను కాపురానికొచ్చిన కొత్తలో నన్ను ఆటపట్టించిన ఈలే. మరీ బాగుంది.

తరవాత అందరూ నన్ను చూశారు.

పలక ఇంట్లో వదిలేశాను. ఎందుకు వదిలేశానో నాకు తెలియదు. తెలుసు.

నోరు తెరిచాను. గాలొచ్చింది. మూశాను. మరిది నన్నే చూస్తున్నాడు, నవ్వు లేదు. ఊపిరి బిగబట్టాడు, విన్నాను. నా కోసమో, నా మీదో చెప్పలేను.

"ఒకటోసారి" అన్నాను.

అందరూ గిరుక్కున అత్తయ్య వైపు తిరిగారు!

అంత లోతుగా, బొంగురుగా, ఖాళీ పీపాలో గులకరాళ్ళు దొర్లించినట్టుగా. ఆవిడ గొంతే! గడ్డం మెడకి నొక్కలేదు, ఏమీ చెయ్యలేదు, నోరు తెరిస్తే అదే వచ్చింది. జీవితమంతా ఎవరిని వెక్కిరించి కూలీల చేత చప్పట్లు కొట్టించుకున్నానో ఆవిడ గొంతు నా మెడలో కూర్చుంది. నా పిచ్చుక పోయింది. ఎగిరిపోయింది, యంత్రంలో తప్ప ఇక ఎక్కడా లేదు.

ట్యాంకు ఆ మాటని తిప్పుతూనే ఉంది. నియమం ప్రకారం అది పోయేదాకా ఆగాలి. ఏడవడానికి కూడా లేదు. ఆగాను. ఆగుతుంటే, అది తిరిగి తిరిగి నా దగ్గరికొస్తుంటే, పరాయిదానిలా అనిపించడం తగ్గింది. కింద నుంచి వచ్చే గొంతు కదా, నేలతో పాటు నా కాళ్ళ కిందికి కూడా వచ్చింది.

చివరి పోగు తెగాక, అత్తయ్య గోడ మీంచి చెయ్యి తీయకుండానే అంది:

"ఇన్నేళ్ళకి మాట్లాడుతున్నావటే?"

నాకు అర్థం కాలేదు.

"ఇన్నాళ్ళూ నీ నోరాడటం చూశాను గానీ మాట ఎప్పుడు వినబడింది? కీచుకీచుమని ఏదో. పిట్టల్ని తోలుతున్నావేమో అనుకునేదాన్ని. అడిగితే అరిచేదానివి, అరిస్తే అసలే వినబడేది కాదు. చెప్పు, ఇప్పుడు వినబడుతోంది. ఏమన్నావ్, ఒకటోసారేమిటి?"

షెడ్డులో రేకులు నవ్వినట్టు నవ్వారందరూ. నేనూ నవ్వాను, ముక్కుతో కాదు.

చప్పుళ్ళ పిల్ల చెప్పింది దారిలో: వయసు పైబడ్డ చెవులు ముందుగా సన్నటి గొంతుల్నే పోగొట్టుకుంటాయట. లావు గొంతులు మిగులుతాయట. కొడుకుల గొంతులు మిగిలాయి. నాది పోయింది. ఆవిడ నాటకం ఆడలేదు.

కావలసినవే వినబడే చెవులు అని రాశాను కదూ వెనక పేజీలో. దాన్ని కొట్టెయ్యను. ఉండనీ.

నెల మొదటి తారీఖు

తెల్లారకముందే వెళ్ళాను. కూలీల్ని బతిమాలి బంగాళాదుంపల బస్తాల్ని మూడు వైపులా గోడలా పేర్పించాను. మధ్యలో నా పెట్టె. కమిటీ పెద్ద వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏమిటమ్మా ఇది, కోట కడుతున్నావా?"

"కడుతున్నాను" అన్నాను.

నా గొంతు విని ఒకడుగు వెనక్కేశాడు.

"దీంతో పాటెలా పాడతావ్? ఎవడికి వినబడుతుంది?"

"వినబడకపోతే దగ్గరికొస్తారు. ఒక్క లాటు పాడనివ్వండి. నచ్చకపోతే ఆ ఇనప మైకుకే ఇచ్చుకోండి."

మరిది మైకు తీగ చుట్టి పక్కన పెట్టాడు. పెట్టె మీద తన బాతుపాదాల దుమ్ముని తుండుగుడ్డతో తుడిచాడు. "దిగమనడానికి నోరు తెచ్చుకున్నావు" అన్నాడు. "తెచ్చుకున్నది మా అమ్మదైతే నేనేం ఎదురు చెప్పను?"

ఎక్కాను.

వంకాయల లాటు. "రండి" అన్నాను, అరవకుండా, ట్యాంకులో అన్నట్టు. వెనకవాళ్ళు "ఆఁ?" అన్నారు. ముందువాళ్ళు "ఉష్" అన్నారు. ఉష్ ఉష్ అంటూ షెడ్డంతా పాకింది. ఎవరో చేతిబండి ఆపారు. మనుషులు కదిలి దగ్గరకొచ్చి బస్తాలకి ఆనుకున్నారు. నేను ఇంకా తగ్గించాను గొంతు. ఇంకా దగ్గరికొచ్చారు. ఇన్నేళ్ళు వాళ్ళని అరుపుతో తరిమానా ఏమిటి! పాట పైకెక్కింది. ఎవరూ "ఎంతన్నావ్" అనలేదు.

"ఒకటోసారి."

"రెండోసారి."

ఆగాను. ఈసారి ఆగుతున్నానని తెలిసే ఆగాను. రేకుల కింద పిచ్చుకలు. దూరంగా లారీ బ్రేకు. కమిటీ పెద్ద జేబులో తాళాలు. అంత పెద్ద బజారు, నా ముందు గుప్పెట్లో పట్టేంత అయింది. ఎడమ వైపు బస్తాల వెనక, చిన్నగా, ఒక ఊపిరి లోపలికి.

"అదిగో, గుండుగారు."

"నేను వేలెత్తలేదు!" అన్నాడు.

"కొంటారా లేదా?"

"... కొంటాను. నీకెలా తెలిసింది?"

"మూడోసారి."

కమిటీ పెద్ద ముందుకొచ్చాడు. తర్వాతి లాటు చీటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. అదే తీర్పు. అటు చివర ఉల్లిపాయల మైదానం మరిదికిచ్చారు, మైకుతో సహా. అక్కడ రేకులు లేవు, ఆకాశమే. వాడి అరుపుకి అదే సరిపోయింది.

ఒక నష్టం ఉంది, రాసేస్తాను. కమిటీ పెద్ద గొంతు, డాక్టరు గొంతు, గుండు గొంతు ఏవీ రావడం లేదు. ప్రయత్నించాను. అన్నీ అత్తయ్యలాగే వస్తున్నాయి. ఇన్ని గొంతులున్నదాన్ని ఒక్క గొంతుకి వచ్చాను.

సాయంత్రం వంటింట్లో ఆ ఒక్కదాంతోనే ఓ చిన్న పరీక్ష చేశాను. "ఒరేయ్ పెద్దోడా, బావి దగ్గర బిందె అలాగే ఉంది, తీసుకురారా" అన్నాను.

"వస్తున్నానమ్మా" అని మా ఆయన మిషను వదిలి లేచాడు, నోట్లో గుండుసూదులతోనే, పరుగున.

ముందుగదిలో అత్తయ్య కుర్చీ కిర్రుమంది. విన్నావిడ. అంతా విన్నది. గుమ్మంలోంచి తొంగి చూశాను. భుజాలు ఊగుతున్నాయి. చేత్తో నన్ను దగ్గరికి రమ్మంది. వెళ్ళి చెవి దగ్గర కూర్చున్నాను.

"ఎదురింట్లో చిన్నోడు కూడా ఖాళీగానే ఉన్నాడు" అంది. "వాణ్ణి కూడా పిలు."

పిలిచాను.